పాతదిబ్బల పెద్దమ్మ

పోయిన నెలలో ఒక ఉదయం పెదనాన్న నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మాయ్, మీ పెద్దమ్మ పంపు దగ్గర కూర్చుని ఎంత పిలిచినా పలకటంలేదే. చేతిలో సీసా తీసుకుందామంటే వదలటంలేదు. నువ్వొచ్చి చెప్పు, నీ మాటయితే వింటది."

మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక సందే. చెప్పులు వేసుకోకుండా పరుగెత్తాను. పెద్దమ్మ పెరట్లో చిన్నపీట మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన చింతపండు పిప్పి, కొబ్బరిపీచు. కుడిచేతిలో ఒక పొట్టి మందుసీసా. 'ఈ మరక ఎట్టా పోదో నేనూ చూస్తా' అన్న పంతం మొహంలో ఇంకా అలాగే ఉంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని అక్కడే కూలబడ్డాను. అప్పుడుగానీ పెదనాన్నకు సంగతి అర్థం కాలేదు. డాక్టరు వచ్చి గుండె ఆగిపోయిందన్నాడు.

ఇది రాయటానికి ఒక కారణం ఉంది. పెద్దకర్మ నాడు నేను పంక్తిలో పప్పు వడ్డిస్తుంటే, ఎక్కడినుంచో వచ్చిన ఒకాయన పక్కనున్నవాళ్ళకు చెబుతున్నాడు. మా పెద్దమ్మకు గురజాల వైపు ఒక దిబ్బలో లంకెబిందెలు దొరికాయట. పోలీసులు పట్టుకున్నారట. పెదనాన్న స్టీలుసామాన్ల కొట్టు మీద పైఅంతస్తు లేచింది ఆ బంగారంతోనేనట. చెప్పి, "ఇంకొంచెం నెయ్యి వెయ్యమ్మా" అన్నాడు నాతో. పోలీసులు వచ్చిన మాట మాత్రం నిజం. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. తక్కిన సంగతి ఎవరో ఒకరు సరిగ్గా చెప్పకపోతే, ఇంకో ఏడాదికి మా పెద్దమ్మ నాగుపాముతో మాట్లాడిందని కూడా అంటారు.

ముందు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి. నరసరావుపేట మొత్తంలో అంత శుభ్రం ఉన్న మనిషిని నేను చూడలేదు. వీధిలోంచి వస్తే కాళ్ళు కడుక్కోవాలి. ఆమె చూడకుండా కడుక్కుని ఉంటే ఆమె చూస్తుండగా మళ్ళీ కడుక్కోవాలి. కూరగాయలు తెస్తే మూడు నీళ్ళు. పెదనాన్న కొట్టునుంచి వచ్చి చొక్కా విప్పి తగిలిస్తే, అది వంకెకు చేరేలోపే బకెట్లోకి చేరేది. అలాంటి మనిషి పెంటదిబ్బలు తవ్విందంటే ఇప్పటికీ మా చుట్టాల్లో కొందరు నమ్మరు.

అది మొదలయ్యింది ఒక గృహప్రవేశంలో. పెదనాన్న దగ్గర చాలా ఏళ్ళుగా సామాను కొనే రైతు ఒకాయన, గురజాల రోడ్డు మీద పల్లెలో కొత్త ఇల్లు కట్టుకుని పిలిచాడు. నేనూ వెళ్ళాను. వ్రతం సాగుతోంది, భోజనాలు ఆలస్యం. పెద్దమ్మకు చక్కెర జబ్బు ఉంది, రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. "కూర్చుంటే కాళ్ళు పట్టేశాయి, అట్టా నడిచొస్తా" అని పక్కింటి వెనక్కి వెళ్ళింది. అది చాలా పాత ఇల్లు. వెనక పశువుల చావిడి, దాని వెనక ఇంటి చూరంత ఎత్తున దిబ్బ. తరతరాలుగా ఆ ఇంట్లో ఊడ్చింది, తోమింది, పగిలింది, విసిగి పారేసింది అంతా అక్కడే పడి మన్నయింది. మిరపచేనుకు ఎరువు తోలుకోవటానికి ఆ రోజు దాన్ని ఒక పక్కనుంచి ట్రాక్టరుకు ఎత్తుతున్నారు. పలుగు దిగిన చోటునుంచి ఒక నీలంసీసా దొర్లుకుంటూ వచ్చి పెద్దమ్మ కాలిదగ్గర ఆగింది.

నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి పెద్దమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపి దిబ్బ సగానికి ఎక్కి ఉంది. ఇంట్లోంచి ఒకావిడ చేతిలో చీపురుతో పరుగెత్తుకొచ్చింది.

"ఎవరమ్మా అది? పట్టుచీర కట్టుకుని నా దిబ్బెక్కింది?"

"నీ దిబ్బ నాకెందుకమ్మా! ఇందులో సీసాలున్నయ్ గదా, ఏం చేస్తారు మీరు?"

"ఏం చేస్తామమ్మా? తిట్టుకుంటాం. నిరుడు చేలో కూలికొచ్చిన పిల్లకు కాల్లో ఇంత పెంకు దిగింది. నీకు కావాలా?"

"కావాల."

"అన్నీ?"

"అన్నీ. పగిలినయ్ కూడా."

ఆవిడ పెద్దమ్మను కిందినుంచి పైకి ఒకసారి, పైనుంచి కిందికి ఒకసారి చూసింది. పిచ్చిదా, తెలివైనదా అని తేల్చుకోలేకపోయినట్టుంది. చివరికి ఒప్పందం కుదిరింది. ప్రతి ఆదివారం పెద్దమ్మ వచ్చి తవ్వుకోవచ్చు. తవ్విన మన్నంతా జల్లించి ఒక పక్క పొయ్యాలి. సీసా పెద్దమ్మది, ఎరువు ఆవిడది. అక్కడికక్కడే ఇద్దరూ ఒకరినొకరు వదినా అనుకున్నారు. పెద్దమ్మకు వదిన కనుక ఆవిడ నాకు అత్త అయింది. పొలం అత్త అని పిలిచేదాన్ని. గృహప్రవేశం చేసుకున్న రైతు మాత్రం మేం భోజనానికి కూర్చున్నప్పుడు మా వరస వదిలి అవతలి వరసకు పోయి కుశలం అడిగాడు. దగ్గరికొస్తే వాసన మరి.

స్కూటీ నాది కాబట్టి ఆదివారాలు నావి కాకుండా పోయాయి. నేను ఇక్కడ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. వారమంతా పిల్లలు, ఆదివారం పెద్దమ్మ. మొట్టమొదట నాకు టెటనస్ ఇంజెక్షన్ చేయించింది. తనూ చేయించుకుంది. పెదనాన్నకు కూడా చేయించబోయింది. "నేను రావటంలేదు గదే" అంటే, "ఇంట్లో సీసాలు ముట్టుకోవా ఏంది?" అంది. పెదనాన్న కొట్టులోంచి కొత్త స్టీలు జల్లెడ ఎత్తుకొచ్చింది. ఆయన పళ్ళు తోముకునే బ్రష్ కూడా పోయింది. అది దేనికి వాడుతున్నదో ఆయనకు తెలిసేలోపు రెండురోజులు ఆయనా వాడాడు.

గునపం స్కూటీకి పక్కగా తాడుతో కట్టేవాళ్ళం. వెనక పెద్దమ్మ, ఆమె ఒళ్ళో తట్ట, తట్టలో జల్లెడ, క్యారియర్. ఒకసారి బస్టాండ్ దగ్గర రద్దీలో ఆగితే, బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"అమ్మా, పల్నాటి యుద్ధం ఎప్పుడో అయిపోయింది! ఇంటికి పోండి!"

"నాకు కబురు అందలేదు నాయనా!" అని పెద్దమ్మ వెంటనే అరిచింది. బస్సంతా నవ్వింది.

దిబ్బ తవ్వటం గురించి తెలియనివాళ్ళకు చెప్పాలి. అది పైనుంచి కిందికి కాలం వెనక్కి నడిచినట్టుంటుంది. పైన అంతా ప్లాస్టిక్ కవర్లు, షాంపూ ప్యాకెట్లు, పురుగుమందు డబ్బాలు. ఆ డబ్బాల్ని పెద్దమ్మ తొడుగులు వేసుకుని వేరే గోతంలో వేసి, "ఇది మన సరుకు కాదు" అనేది. దాని కింద గాజులు, మాత్రల సీసాలు, తలనూనె సీసాలు. ఇంకా కిందికి పోతే సిరాబుడ్లు, దీపపు చిమ్నీల ముక్కలు, ఎద్దుల నాడాలు, పింగాణీ జాడీల పెంకులు, మెడలో గోళీ ఇరుక్కునే సోడాసీసాలు. అన్నిటికన్నా అడుగున బూడిద. సోడాసీసా పూర్తిగా దొరకటం గగనం. గోళీకోసం పిల్లలు అన్నీ పగలగొట్టేవాళ్ళు. పగిలిన సీసా దొరికినప్పుడల్లా పెద్దమ్మ, ఎన్నో ఏళ్ళ కిందట ఆ పని చేసిన పిల్లవాణ్ణి నోరారా తిట్టేది. "వాడికిప్పుడు మనవలుంటారు పెద్దమ్మా" అంటే, "ఉంటే మాత్రం? చేసిన పని చేసిందే" అనేది.

సీసా దొరికితే ఆమె చేసే పని ఒకటుంది. నోటితో ఊది మన్ను పోగొట్టేది. మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేది. తరవాత చెప్పేది. "ఇది పసిపిల్లల మందు. ఈ ఇంట్లో పిల్ల రాత్రంతా ఏడ్చింది." "ఇది తలనూనె. ఎవత్తో కొత్తకోడలు వొచ్చింది." ఒకే చోట బోలెడు టానిక్ సీసాలు దొరికితే, "ఈ మహానుభావుడికి రోగం లేదు, బద్ధకం" అని తేల్చేసింది. పక్కనే నిలబడ్డ పొలం అత్త పకపకా నవ్వి, "మా మామ! అచ్చం మా మామే!" అంది.

పెద్దమ్మ అనే మాట ఒకటి నాకు బాగా గుర్తు. "వాకిలి చూస్తే వాళ్ళు నలుగురికీ చూపించాలనుకున్నది కనపడతది. దిబ్బ చూస్తే వాళ్ళు తిన్నదీ తాగిందీ కనపడతది. నాకు రెండోదే ఇష్టం."

ఈ లోపల ఇక్కడ పెదనాన్నకు కష్టాలు మొదలయ్యాయి. కొట్టుకు వచ్చినవాళ్ళు గిన్నెల సంగతి వదిలిపెట్టి, "ఏందన్నా, అక్క సీసాలు ఏరుతుందంట, అంతా బాగేనా?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. ఆయన ఇంటికొచ్చి మొత్తుకునేవాడు.

"ఇంటినిండా నిగనిగలాడే స్టీలుండగా ఆ పగిలిన జాడీలేందే! జనం నవ్వుతున్నారు."

"నవ్వితే మంచిదేగా. నీ కొట్టుకొచ్చి ఏడిస్తే బాగుంటదా?"

"నా పరువు..."

"ముందు కాళ్ళు కడుక్కో."

పెరటిగోడ వెంట పెదనాన్న కొట్టులో మిగిలిపోయిన ఇనపర్యాకులు వచ్చి చేరాయి. వాటిమీద సీసాలు రంగులవారీగా నిలబడ్డాయి. అవి ఎంత పనికిమాలినవో చెప్పటానికి పెదనాన్న చుట్టాలను పెరట్లోకి తీసుకెళ్ళేవాడు. వాళ్ళు "అబ్బ, భలే ఉన్నయ్యే" అనేవాళ్ళు. ఆయనకు ఇంకా ఒళ్ళు మండేది.

ఇక ఆ పోలీసుల సంగతి.

దసరా వెళ్ళిన తరవాతి ఆదివారం అది. పండగనాడు పెదనాన్న కొట్టులో త్రాసుకు పూజ చేస్తుంటే, పెద్దమ్మ తన గునపాన్ని కూడా తెచ్చి పక్కన పెట్టి పసుపు, కుంకుమ బొట్లు పెట్టింది. ఆ బొట్లు ఇంకా చెరిగిపోలేదు. ఎండగా ఉందని నీళ్ళలో పిండుకోవటానికి నిమ్మకాయలు తెచ్చాం. క్యారియర్ నిండా పులిహోర. పెద్దమ్మ గుంటలో దిగి తవ్వుతోంది. నేను నిమ్మకాయలు కోసి గట్టుమీద పెట్టాను. అందులో నా కాలు తగిలి పులిహోర గిన్నె ఒకటి బోర్లాపడింది.

మీరే ఒకసారి ఊహించుకోండి. చావిడి వెనక ఎవరికీ కనపడని చోట గుంట. బొట్లు పెట్టిన గునపం. కోసిన నిమ్మకాయలు. నేలమీద పచ్చటి అన్నం. నుదుట రూపాయికాసంత బొట్టుతో చెమటలు కక్కుతూ గుంటలోంచి తల బయటపెట్టిన మా పెద్దమ్మ. సరిగ్గా అప్పుడే ఆ దారిన పొలం అత్త బావగారి కొడుకు వచ్చాడు. ఆ స్థలంలో తమకూ వాటా ఉందని చాలాకాలంగా తగువు పెట్టుకుని, ఆ ఇంటివైపు రావటం మానేసిన మనిషి. ఆ రోజు ఎందుకొచ్చాడో గానీ, చూసిన మరుక్షణం "నిధి తవ్వుతున్నార్రోయ్!" అని ఊరు ఏకమయ్యేలా అరిచాడు.

పిలవని పేరంటానికి ఊరంతా వచ్చింది. గోడలెక్కారు, ట్రాక్టరు ఎక్కారు. ఎవరు ఫోన్ చేశారో, కాసేపటికి జీపు కూడా వచ్చింది. ఎస్సై కుర్రవాడు, మర్యాదస్తుడు. గునపం చూశాడు. నిమ్మకాయలు చూశాడు. పచ్చటి అన్నం చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏందమ్మా ఇదంతా?"

"పులిహోర నాయనా. తింటావా?"

"గుప్తనిధుల తవ్వకాలు నేరమని తెలుసా?"

"నిధా? ఇదిగో నా నిధి" అని పెద్దమ్మ గోతం విప్పి నేలమీద పరిచింది. సిరాబుడ్లు, మందుసీసా, నాడా, మూతిలేని జాడీ. జనంలోంచి ఉసూరుమన్న శబ్దం వచ్చింది. ఎస్సై కూడా ఊపిరి పీల్చుకున్నాడు. అంతటితో అయిపోయేదే. కాని బావగారి కొడుకు గుంటలోకి వంగి చూసి కేక పెట్టాడు.

"అదుగో! కుండ!"

నిజంగానే గుంట గోడలో కుండ ఒకటి పొడుచుకొచ్చి ఉంది. చిన్నది. మీద మూకుడు మూసి, చుట్టూ మట్టితో అలికి ఉంది. పెద్దమ్మ గునపం దాన్ని ఇంకా తాకలేదు. ఆమె కూడా అప్పుడే చూసింది.

ఆ తరవాత ఒక గంట ఎలా గడిచిందో చెప్పలేను. కుండను జాగ్రత్తగా పైకి తీసి కుర్చీలో పెట్టారు. పెద్దమ్మకు కుర్చీ లేదు, కుండకు ఉంది. రెవెన్యూవాళ్ళు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవటానికి వీల్లేదన్నాడు ఎస్సై. ఎండ తగులుతుందని ఎవరో దానికి గొడుగు పట్టారు. కానిస్టేబుల్ పక్కన నిలబడ్డాడు. బావగారి కొడుకు కండువా సవరించుకుని లెక్కలు మొదలుపెట్టాడు.

"తాతల ఆస్తి ఇది. మా నాయన పెద్దకొడుకు. చట్టప్రకారం ఏది దొరికినా సగం మాది. సర్కారుకు పోంగా మిగిలిందాంట్లో అయినా సరే సగం."

"ఆ ఎరువులో కూడా సగం తీసుకుపోరా" అంది పొలం అత్త. "ఇన్నేళ్ళు ఎత్తిపోసింది నేను. నువ్వెప్పుడన్నా తట్ట పట్టావా?"

"నన్ను కదిలించమాక పిన్నీ. నేను చట్టం మాట్టాడుతున్నా."

మా పెద్దమ్మ మాత్రం గట్టుమీద కూర్చుని, బోర్లాపడని గిన్నెలోని పులిహోర తింటోంది. "తినవే, కోర్టుకు పోతే మళ్ళీ ఎప్పుడు తింటామో" అని నాకూ పెట్టింది. నేను మర్నాడు కాలేజీలో ప్రిన్సిపాల్‌కు ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.

ఇంతలో జనం పక్కకు తప్పుకున్నారు. పొలం అత్తకు అత్తగారు, ఆ ఇంటి ముసలమ్మ, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆమెకు చెవుడు. మధ్యాహ్నం నిద్రలోంచి లేచేసరికి ఇంటినిండా జనం. కుర్చీ దగ్గరికి వచ్చి, గొడుగు కింద పెళ్ళికొడుకులా ఉన్న కుండను చూసి, అలికిన మూకుడు తడిమింది. ఆ తరవాత బోసినోరు తెరిచి నవ్వటం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

"ఒరే సన్నాసుల్లారా! అది మాయ కుండరా!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు. గొడుగు పట్టినవాడు గొడుగుతో సహా వెనక్కి గెంతాడు. ఎస్సైకి అర్థం కాలేదు. కానిస్టేబుల్ ఆయన చెవిలో చెప్పాడు. ఇంట్లోనే కాన్పులయ్యే రోజుల్లో, బిడ్డ పుట్టాక మాయను కుండలో పెట్టి, మూకుడు మూసి దిబ్బలో పాతిపెట్టేవాళ్ళు. కుక్కలు లాగకుండా లోతుగా పాతేవాళ్ళు. ఎస్సై టోపీ తీసి తల తుడుచుకున్నాడు.

వాటా గొడవ కోడలు చెవిలో అరిచి చెప్పగానే ముసలమ్మ మనవడివైపు తిరిగింది. "నువ్వూ ఈ ఇంట్లోనే పుట్టావురా. సగం కావాలన్నావంటగా. మొత్తం నీదేనేమో, తీసుకుపో!"

అంత నవ్వు నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. ట్రాక్టరు మీదినుంచి ఒకడు నిజంగానే జారి కిందపడ్డాడు. బావగారి కొడుకు కండువాతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఆ నవ్వులో ముసలమ్మ మూకుడు ఎత్తింది. లోపల నల్లటి మన్ను, బొడ్డు కోసినప్పటి తుప్పుపట్టిన కొడవలి ముక్క. ఆమె వేలితో మన్ను కదిలించింది. చిన్న గాజు ఒకటి, పురిటిబిడ్డ చేతికి పట్టేది, ఆకుపచ్చది, వేలికి తగిలి పైకొచ్చింది. ముసలమ్మ నవ్వు ఆగిపోయింది.

"వాడిది కాదు" అంది. "మా అమ్మాయిది."

పొలం అత్త నాకు మెల్లిగా చెప్పింది. ముసలమ్మకు ఇద్దరు కొడుకుల మధ్య ఒక ఆడపిల్ల పుట్టి, నెల తిరక్కుండానే పోయిందట. ఆ మాట తనకు కూడా ఎప్పుడో ఎవరో చెప్తే తెలిసిందట గానీ, అత్తగారి నోట ఎన్నడూ వినలేదట. "ఆడపిల్ల గదా అని గాజు ఏశా" అంది ముసలమ్మ, ఎవరితోనో తెలియకుండా. కుండను ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. అప్పటిదాకా గోడమీద ఈలలు వేసినవాళ్ళు ఒక్కొక్కరే దిగిపోయారు. బావగారి కొడుకు వచ్చి ముసలమ్మ దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

ముసలమ్మ తలెత్తి పెద్దమ్మను చూసింది. "తీసింది నువ్వేగా. మళ్ళీ పెట్టు తల్లీ."

పెద్దమ్మ గాజును తన కొంగుతో తుడిచి కుండలో వేసింది. మూకుడు మూసి, కొత్త మట్టి తడిపి తన చేతులతోనే చుట్టూ అలికింది. ఈసారి దిబ్బలో కాదు, పెరట్లో కరివేపచెట్టు మొదట్లో, ముసలమ్మ మంచం మీదినుంచి కనపడేచోట. గుంట తవ్వటానికి గునపం అందుకుంది బావగారి కొడుకే. ఎస్సై రెవెన్యూ ఆఫీసుకు ఫోన్ చేసి, ఏమీ లేదని, రావద్దని చెప్పాడు. వెళ్ళేముందు మిగిలిన పులిహోర తిన్నాడు.

ఆ సాయంత్రం నరసరావుపేట వచ్చేదాకా పెద్దమ్మ నా భుజం మీద వేసిన చెయ్యి తియ్యలేదు. ఆమెకు పిల్లలు లేరు. అంతకు ముందు ఆ సంగతి గురించి నేను పెద్దగా ఆలోచించలేదు. ఇంటి సందు మొదట్లో స్కూటీ దిగి, "ఇకనుంచి మూత ఉన్న కుండ కనపడితే ఆ వైపు తవ్వొద్దే" అంది. తరవాత, "కాళ్ళు కడుక్కుని పో" అంది.

కథ మాకంటే ముందే బజారుకు చేరింది. చేరేసరికి కుండ రెండు బిందెలయింది. మర్నాడు కొట్టునిండా జనం. నెల తిరక్కుండా పెదనాన్న స్వరం మారిపోయింది. "మా ఆవిడ జీపుకే భయపడలేదు. ఎస్సైకి పులిహోర పెట్టి పంపించింది" అని గిన్నెలు తూస్తూ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఎస్సై హోదా పెంచుకుంటూ పోయి, డీఎస్పీ దగ్గర ఆపాడు. పల్లెల్లోంచి కొట్టుకొచ్చేవాళ్ళు, "అమ్మగారికి ఇవ్వండి" అని మట్టికొట్టుకున్న సీసాలు గల్లాపెట్టె మీద పెట్టేవాళ్ళు. ఆయన వాటిని పాత పేపర్లో చుట్టి, ఎవరూ చూడటం లేదనుకుని, ఊది వాసన చూసేవాడు.

పోయిన వేసవిలో పెద్దమ్మను కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉంచాం. గుండెకు నీరసం అన్నారు. నర్సు సెలైన్ తగిలిస్తుంటే పైకి చూసి, "ఏమ్మా, ఇవి ప్లాస్టిక్‌వే ఇస్తున్నారా? గాజువి వొచ్చేవి గదా" అంది. ఆ నర్సు, ఏదో లోపం జరిగిందని కంగారుపడింది. "నీ తప్పేం లేదులేమ్మా. ముందుముందు తవ్వుకునేవాళ్ళ గురించి చెప్తున్నా" అంది పెద్దమ్మ. పొలం అత్త చూడటానికి వచ్చి, మంచం పక్కన కూర్చుని, చావిడి వెనక కొత్త పొర బయటపడిందని, వర్షాలకు ముందే రావాలని తొందరపెట్టింది. పక్క మంచం వాళ్ళు, ఇద్దరూ స్థలాల వ్యాపారం చేస్తారనుకున్నారు.

ఇంటికొచ్చాక పెద్దమ్మ మళ్ళీ దిబ్బకు వెళ్ళలేకపోయింది. పల్లెలవాళ్ళు తెచ్చిన సీసాలు కడుగుతూ కూర్చునేది. అలాగే పోయింది.

పెద్దకర్మ అయిపోయిన తరవాత చుట్టాలంతా పెరట్లో నిలబడి సీసాల సంగతి తేల్చబోయారు. పాతసామాన్లవాడికి వెయ్యమని ఒకరు, ఏదైనా మ్యూజియంకు ఇవ్వమని ఒకరు, ఆడపిల్లలకు తలా ఒకటి పంచమని ఒకరు. పెదనాన్న అన్నీ విని, "మీరు కాళ్ళు కడుక్కుని లోపలికి రండి" అన్నాడు. అందరూ పంపు దగ్గర వరసకట్టారు.

పోయిన ఆదివారం పొద్దున్నే ఆయన మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీచేసిన తెల్లచొక్కా, కొత్త పంచె. చేతిలో గునపం.

"మీ పెద్దమ్మ ఆ కొత్త పొర అంటుండేది. ఎవరన్నా చూడాలి గదా" అన్నాడు. "నువ్వు బండి నడుపు. నేను పట్టుకుంటా."

టెటనస్ ఇంజెక్షన్ చేయించి మరీ తీసుకెళ్ళాను. పొలం అత్త మమ్మల్ని చూసి ఏడ్చింది. తరవాత చొక్కా చూసి నవ్వింది. "అన్నయ్యా, పెళ్ళికా తవ్వటానికా?" అంది. పెదనాన్న పట్టించుకోకుండా దిబ్బ ఎక్కాడు. గునపం పట్టుకోవటం రాదు. మొదటి పోటుకే చెప్పు తెగింది. ఒక సోడాసీసా ఉన్న చోట సరిగ్గా గునపం దించి, రెండు ముక్కలు చేసి, బిత్తరపోయి నావైపు చూశాడు. కాసేపటికి ఆయన చేతికి ఏదో తగిలింది. "దొరికింది! దొరికిందే!" అని కేకపెట్టి, రెండుచేతులతో మన్ను తోడి పైకి తీశాడు.

స్టీలు గ్లాసు. సొట్టపోయి, నల్లబడిపోయి ఉంది.

నాకు నవ్వాగలేదు. పెదనాన్న నవ్వలేదు. దాన్ని చొక్కా అంచుతో రుద్దాడు. మూతికింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. ఆయన కొట్టులో సామాను కొన్నవాళ్ళకు పేర్లు చెక్కి ఇచ్చేది ఆయనే. కళ్ళజోడు పైకెత్తి, దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"ఈ రాత నాది" అన్నాడు నెమ్మదిగా. "అప్పట్లో తలకట్టు ఇట్టా పెట్టేవాణ్ణి."

పొలం అత్త గ్లాసు లాక్కుని చూసింది. ఆమె పేరే. మరుక్షణం ఆమె మొహం ఎర్రబడింది. "నా పెళ్ళి గ్లాసన్నయ్యా ఇది! అంట్లు తోమిన బూడిదలో పొయ్యినట్టుంది. దీన్ని నేను మా పుట్టింటికి పంపించానని మా అత్త నన్ను ఎన్నేళ్ళు సాధించిందో! ఎవరొచ్చినా చెప్పేది!"

గ్లాసు పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తింది. మేమూ వెనకే వెళ్ళాం. ముసలమ్మ మంచంమీద కూర్చుని ఉంది. పొలం అత్త గ్లాసు ఆమె కళ్ళముందు పెట్టి, చెవిలో పెద్దగా అరిచింది.

"అత్తా! గ్లాసు! దొరికింది! దిబ్బలో ఉంది! నేను మా అమ్మకు ఇయ్యలా!"

ముసలమ్మ గ్లాసు అందుకుంది. తిప్పి తిప్పి చూసింది. సొట్టలో వేలు పెట్టి తడిమింది. కోడలి మొహం చూసింది. మేమందరం ఆమె ఏమంటుందా అని నిలబడ్డాం.

"పొయ్యినయ్ రెండు గదా" అంది. "రెండోది యాడ?"

పెదనాన్న పంచె ఎగ్గట్టుకుని, తెగిన చెప్పు విడిచిపెట్టి, వెనక్కి తిరిగి చావిడి పక్కగా నడిచాడు. నేను వెళ్ళేసరికి గుంటలోకి దిగి ఉన్నాడు. తెల్లచొక్కా వీపంతా మన్ను. గట్టుమీద పొలం అత్త నిలబడి, "అటుకాదన్నయ్యా, ఇటు, బూడిద ఉన్నవైపు" అని చెయ్యి చూపిస్తోంది.